వాటర్ స్ప్లిటింగ్ క్యాటలిస్ట్‌లకూ ‘లాంగ్ టర్మ్ రివ్యూ’ కావాలి: నానోపార్టికల్స్ ఎందుకు పాడవుతాయి, వాటిని ఎలా కాపాడుతున్నారు?

కొత్త ఫోన్ లాంచ్ అయిన రోజు అందరూ మొదట అడిగేది బెంచ్‌మార్క్ స్కోర్ ఎంత అని. ఏడాదిన్నర వాడాక బ్యాటరీ హెల్త్ ఎంతకు పడిపోయింది, గేమ్ ఆడుతుంటే ఫోన్ ఎంత వేడెక్కుతోంది అని చెప్పే రివ్యూలు తక్కువ. వాటిని చూసేవాళ్లు ఇంకా తక్కువ. గ్రీన్ హైడ్రోజన్ వార్తల పరిస్థితి కూడా ఇంతే. ‘నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే కొత్త నానో క్యాటలిస్ట్, రికార్డ్ ఎఫిషియెన్సీ’ అని హెడ్డింగ్ కనిపిస్తుంది, షేర్ చేసేస్తాం. అది ఎన్ని గంటలు పనిచేసిందో రాసిన లైన్ దాకా ఎవరూ స్క్రోల్ చేయరు.

వేగంగా పనిచేసే క్యాటలిస్ట్‌లు ఇప్పటికే బోలెడు ఉన్నాయి. ఏళ్ల తరబడి అదే వేగంతో పనిచేసేవే కరువు. ఈ ఆర్టికల్ మొత్తం ఆ రెండో సంగతి గురించే. కోడ్ రాసుకునే నాకు కెమిస్ట్రీలో ఇంత ఇంట్రెస్ట్ ఎందుకంటే, ఈ సమస్య అచ్చం మన ప్రొడక్షన్ సర్వర్ల సమస్యలా ఉంటుంది. డెమోలో అంతా బాగానే నడుస్తుంది. అసలు కథ ఆరు నెలల తర్వాత మొదలవుతుంది.

ముందు బేసిక్స్

స్కూల్లో చాలామంది చేసే ఉంటారు: గ్లాసు నీళ్లలో కాస్త ఉప్పో వంట సోడానో కలిపి, రెండు పెన్సిళ్లకు 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే బుడగలు వస్తాయి. ఉప్పు వేస్తే ప్లస్ వైపు క్లోరిన్ కూడా రావచ్చు కాబట్టి వంట సోడానే మంచిది. మైనస్ వైపు హైడ్రోజన్, ప్లస్ వైపు ఆక్సిజన్. 1800లోనే ఇంగ్లండ్‌లో విలియం నికల్సన్, ఆంథోనీ కార్లైల్ అనే ఇద్దరు, అప్పుడే కొత్తగా వచ్చిన వోల్టా బ్యాటరీతో ఈ పని చేసి చూపించారు. ఆ ప్రయోగాన్ని కాసేపు అలాగే వదిలేస్తే ప్లస్ వైపు పెన్సిల్ నుంచి నల్లటి పొడి రాలుతుంది. దీన్ని గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

లెక్క ప్రకారం గది ఉష్ణోగ్రత దగ్గర నీళ్లను విడగొట్టడానికి కనీసం 1.23 వోల్టులు చాలు. కానీ ఫ్యాక్టరీలో నడిచే ఎలక్ట్రోలైజర్ 1.8 నుంచి 2 వోల్టుల దాకా తీసుకుంటుంది. ఆ ఎక్స్‌ట్రా అంతా దాదాపు వేడిగా పోయేదే. కిలో హైడ్రోజన్‌కి థియరీలో 39 యూనిట్ల కరెంటు సరిపోవాలి, కానీ నిజంగా ఖర్చయ్యేది 50 నుంచి 55 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలు అనుకున్నా ఒక్క కరెంటుకే 250 రూపాయలు దాటిపోతుంది. ఈ నష్టాన్ని తగ్గించే పని క్యాటలిస్ట్‌ది. రియాక్షన్‌లో తాను ఖర్చవకుండా దారి సులువు చేస్తుంది. కనీసం టెక్స్ట్‌బుక్‌లో అలాగే రాసి ఉంటుంది.

రెండు వైపుల పనీ ఒకేలా ఉండదు. హైడ్రోజన్ వైపు రెండు ఎలక్ట్రాన్లు అందితే పని అయిపోతుంది. ఆక్సిజన్ వైపు ఒక్కో అణువుకు నాలుగు ఎలక్ట్రాన్లు పీకాలి, అదీ మెటల్‌ని తుప్పు పట్టించేంత వోల్టేజ్ దగ్గర. అందుకే తలనొప్పులన్నీ ఆక్సిజన్ వైపే ఎక్కువ.

నానో సైజు ఎందుకు?

రియాక్షన్ జరిగేది మెటల్ ఉపరితలం మీదే. లోపల ఉన్న అణువులు ఊరికే కూర్చుని జీతం తీసుకునే బ్యాచ్. 1 సెంటీమీటర్ ప్లాటినం క్యూబ్ తీసుకుంటే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 5 నానోమీటర్ల బుల్లి క్యూబ్‌లుగా కోయగలిగితే మొత్తం ఉపరితలం 1,200 చదరపు మీటర్లు అవుతుంది. మన లెక్కలో చెప్పాలంటే 1,400 గజాల ప్లాట్ పైనే. మెటల్ అంతే, ఖర్చు అంతే, పనిచేసే చోటు 20 లక్షల రెట్లు.

ఇక్కడే ట్విస్ట్. ఉపరితలం మీద ఉన్న అణువుకి చుట్టూ ఉండాల్సినంత మంది పక్కవాళ్లు ఉండరు. కొన్ని బాండ్లు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ వల్లే అది నీటి అణువుని పట్టుకుని పని చేయగలుగుతుంది. అదే ఖాళీ వల్ల, పక్కన ఇంకో మెటల్ ముక్క కనిపిస్తే దానికి అతుక్కుపోవాలని కూడా చూస్తుంది. అంటే చురుకుదనం, అస్థిరత్వం రెండూ ఒకే కారణం నుంచి వచ్చాయన్నమాట. ఒకటి ఉంచుకుని రెండోదాన్ని డిలీట్ చేయడం కుదరదు. ఎంత తేడా వస్తుందో చూడాలంటే బంగారాన్ని చూడండి. మామూలు బంగారం 1,064 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రెండు మూడు నానోమీటర్ల బంగారం అయితే అంతకంటే కొన్ని వందల డిగ్రీలు ముందే కరిగిపోతుంది. 1976లో ఫిలిప్ బుఫా, జీన్-పియెర్ బోరెల్ దీన్ని కొలిచి చూపించారు.

ఎలా పాడవుతాయి?

మొదటిది అతుక్కుపోవడం. వేడి చారు మీద తేలే నూనె చుక్కల్ని గమనించండి. చిన్న చుక్కలు ఒకదానికొకటి తగిలి పెద్ద చుక్క అవుతాయి, అది మళ్లీ చిన్నగా విడిపోదు. నానోపార్టికల్స్ కూడా సపోర్ట్ మీద మెల్లగా జరుగుతూ, తగిలి, కలిసిపోతాయి.

రెండోది అసలు తగలకుండానే జరుగుతుంది, నాకు ఇదే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. ఫ్రీజర్‌లో చాలా రోజులు ఉంచిన ఐస్‌క్రీమ్ తింటే పళ్ల కింద ఐస్ ముక్కలు కరకరలాడతాయి కదా? చిన్న ఐస్ స్ఫటికాలు కరుగుతూ, ఆ నీళ్లు పెద్ద స్ఫటికాలకు చేరి గడ్డకట్టడం వల్ల అలా అవుతుంది. దీని పేరు ఓస్ట్‌వాల్డ్ రైపెనింగ్. 1896లో దీన్ని వివరించిన కెమిస్ట్ విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ పేరే పెట్టారు. క్యాటలిస్ట్‌లో చిన్న పార్టికల్ నుంచి అణువులు ఒక్కొక్కటిగా ఊడి పెద్ద పార్టికల్‌కి చేరతాయి. చిన్నది మాయమవుతుంది, పెద్దది ఇంకా పెద్దదవుతుంది. మెటల్ బరువు తూస్తే ఏమీ తగ్గదు, ఉపరితలం మాత్రం తగ్గిపోతుంది. 5 నానోమీటర్లు కాస్తా 10 అయ్యాయంటే పనిచేసే చోటు సగానికి పడిపోయినట్టే.

మూడోది కరిగిపోవడం. ఇది అచ్చం మెమరీ లీక్. అణువులు ఊడి మళ్లీ ఎక్కడా చేరకుండా నీళ్లలో కొట్టుకుపోతాయి. యాప్ నడుస్తూనే ఉంటుంది, గ్రాఫ్ మాత్రం మెల్లగా కిందికి జారుతుంటుంది. రుథేనియం దీనికి క్లాసిక్ ఉదాహరణ. ఆక్సిజన్ తీయడంలో ఇరిడియం కంటే చురుకైనది, ధర కూడా తక్కువ. కానీ యాసిడ్‌లో ఆ వోల్టేజ్ దగ్గర కరిగిపోతూ ఉంటుంది. లాంచ్ రోజు బెంచ్‌మార్క్‌లో అదే టాపర్, ఏడాది తర్వాత సర్వీస్ సెంటర్‌లో.

నాలుగోది కాళ్ల కింద నేల పోవడం. పెన్సిల్ నుంచి రాలిన నల్లటి పొడి గుర్తుందిగా? నానోపార్టికల్స్‌ని సాధారణంగా కార్బన్ పొడి మీద చల్లి వాడతారు. హైడ్రోజన్ వైపు ఇది బాగానే నడుస్తుంది, అక్కడ ప్లాటినం-కార్బన్ జంట ఎప్పటి నుంచో ఉంది. ఆక్సిజన్ వైపు మాత్రం అంత వోల్టేజ్‌కి కార్బనే ఆక్సిడైజ్ అయి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. సపోర్ట్ పోయాక దాని మీద ఉన్న మెటల్ ఊడి పడుతుంది. అందుకే పీఈఎం ఎలక్ట్రోలైజర్‌లో ఆ వైపు కార్బన్ బదులు టైటానియం వాడతారు. ఖరీదు ఎక్కువే, వేరే దారి లేదు.

కవర్ వేస్తే సరిపోదా?

ఈ ఆలోచన చాలా పాతది. 1857లో మైఖేల్ ఫారడే బంగారాన్ని ఎంత సన్నగా చేశారంటే ఆ ద్రావణం ఎర్రగా మెరిసింది. అందులో ఉప్పు వేస్తే రంగు నీలానికి మారింది, ఎందుకంటే పార్టికల్స్ ముద్దకట్టాయి. కాస్త జెలటిన్ కలిపితే మాత్రం ఉప్పు వేసినా తట్టుకుంది. ఆయన చేసిన బంగారు ద్రావణం సీసాలు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. అంటే నానోపార్టికల్‌ని స్టెబిలైజ్ చేయడం 170 ఏళ్ల కిందటే వచ్చు.

మరి సమస్యేంటి? డిస్‌ప్లే కింద ఫింగర్‌ప్రింట్ స్కానర్ ఉన్న ఫోన్‌కి మందపాటి టెంపర్డ్ గ్లాస్ వేశారనుకోండి. స్క్రీన్ భద్రంగా ఉంటుంది, స్కానర్ మాత్రం మీ వేలిని గుర్తుపట్టదు. ఇక్కడా అంతే. సిట్రేట్, పీవీపీ లాంటి అణువులతో పార్టికల్‌ని చుట్టేస్తే అవి ఒకదానికొకటి అతుక్కోవు. కానీ నీళ్లు వచ్చి తగలాల్సిన చోటును కూడా అవే ఆక్రమిస్తాయి. సీసాలో దాచుకోవడానికి బాగుంటుంది, ఎలక్ట్రోడ్ మీద పని చేయడానికి కాదు.

కాబట్టి కావాల్సింది సెలెక్టివ్ కవర్. కావాల్సినవాటినే లోపలికి రానివ్వాలి, మిగతావాటిని ఆపాలి. ఒకరకంగా ఫైర్‌వాల్ రూల్స్ రాయడం లాంటిది. దీనికి నాకు తెలిసిన బెస్ట్ ఉదాహరణ జపాన్‌లో కజునారి డొమెన్ టీమ్ చేసిన పని. వాళ్లది కరెంటు తీగలు లేని పద్ధతి: పొడి మీద ఎండ పడితే నేరుగా నీళ్లు విడిపోవాలి. హైడ్రోజన్ తీయడానికి రోడియం పార్టికల్స్ పెట్టారు. చిక్కేంటంటే, హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ ఒకే చోట వస్తాయి కాబట్టి రోడియమే వాటిని మళ్లీ కలిపి నీళ్లుగా మార్చేస్తుంది. చేసిన కమిట్‌ని అదే ప్రోగ్రామ్ రోల్‌బ్యాక్ చేసినట్టు. 2006లో వాళ్లు ఆ రోడియం చుట్టూ క్రోమియం ఆక్సైడ్‌తో రెండు నానోమీటర్ల పల్చటి తొడుగు వేశారు. ప్రోటాన్లు లోపలికి వెళ్తాయి, హైడ్రోజన్ బయటకు వస్తుంది, ఆక్సిజన్ మాత్రం లోపలికి దూరలేదు. రోల్‌బ్యాక్ ఆగిపోయింది. 2021లో ఇలాంటి పొడితోనే 100 చదరపు మీటర్ల ప్యానెళ్లు బయట ఎండలో పెట్టి నెలల తరబడి నడిపారు. అయితే ఎండలోని శక్తిలో హైడ్రోజన్‌గా మారింది గరిష్ఠంగా 0.76 శాతమే. ఎఫిషియెన్సీ చూస్తే నవ్వొస్తుంది. కానీ అన్ని నెలలు బయట నిలబడడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

అంటించడం వేరు, పొదగడం వేరు

కవర్ కాకుండా ఇంకో దారి, పార్టికల్‌ని కదలకుండా సపోర్ట్‌కి గట్టిగా బిగించడం. 1978లో ఎక్సాన్ ల్యాబ్‌లో శామ్యూల్ టాస్టర్ టీమ్ ఒక వింత చూసింది. టైటానియం డయాక్సైడ్ మీద ప్లాటినం లాంటి మెటల్స్ పెట్టి హైడ్రోజన్‌లో 500 డిగ్రీలకు వేడి చేస్తే, మెటల్ తన గుణాన్నే మార్చుకుంది. మామూలుగా హైడ్రోజన్‌ని పట్టుకునే మెటల్ పట్టుకోవడం మానేసింది. సపోర్టే పాకుతూ పైకి వచ్చి మెటల్‌ని పల్చగా కప్పేస్తోందని తర్వాత అర్థమైంది. పట్టు బాగుంది, కానీ మరీ ఎక్కువ కప్పేస్తే మళ్లీ టెంపర్డ్ గ్లాస్ సమస్యే.

నాకు బాగా నచ్చింది ఎక్స్‌సొల్యూషన్ అనే పద్ధతి. మామూలుగా అయితే సపోర్ట్ తయారు చేసి, మెటల్ ద్రావణం పోసి, ఆరబెట్టి, వేడి చేస్తారు. పార్టికల్స్ పైన కూర్చుంటాయి. ఉంగరం మీద రాయిని గమ్‌తో అంటించినట్టే. ఎక్స్‌సొల్యూషన్‌లో నికెల్ లాంటి మెటల్‌ని మొదటే పెరోవ్‌స్కైట్ అనే ఆక్సైడ్ స్ఫటికం లోపల కలిపేస్తారు. తర్వాత హైడ్రోజన్‌లో వేడి చేస్తే ఆ నికెల్ లోపలి నుంచి ఉపరితలం మీదికి మొలుచుకొస్తుంది. దాని అడుగు భాగం స్ఫటికంలోనే దిగబడి ఉంటుంది. ఇది రాయిని బంగారంలో పొదిగినట్టు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో జాన్ ఇర్విన్, డ్రాగోస్ నియాగు వాళ్లు 2013 నుంచి దీని మీద వరుసగా పేపర్లు వేశారు. పొదిగిన పార్టికల్ పక్కకు జరగదు కాబట్టి పక్కదానితో కలవదు.

ఇది ఎక్కువగా పనికొచ్చేది 700, 800 డిగ్రీల దగ్గర ఆవిరిని విడగొట్టే సాలిడ్ ఆక్సైడ్ సెల్స్‌లో. అంత వేడిలో మామూలు నికెల్ పార్టికల్స్ వాటంతట అవే పాకుతూ ఉండాల్సిన చోటు వదిలి వెళ్లిపోతాయి. పాడైనప్పుడు మళ్లీ ఒకసారి లోపలికి కలిపి బయటకు తీయొచ్చన్న ఆశ కూడా ఈ పదార్థాలతో ఉంది, ఒకరకంగా ఫ్యాక్టరీ రీసెట్. కానీ బయటకు ఎంత నికెల్ వస్తుందో పూర్తిగా మన చేతిలో ఉండదు, కొంత లోపలే ఉండిపోతుంది.

ఇవి రెండూ కాకుండా, ‘పాడైతే కానీయ్, దానంతట అదే బాగవుతుంది’ అనే రూట్ కూడా ఉంది. 2008లో ఎంఐటీలో డేనియల్ నొసెరా, మాథ్యూ కానన్ కోబాల్ట్-ఫాస్ఫేట్ క్యాటలిస్ట్ ఒకటి చేశారు. కోబాల్ట్ పనిచేస్తూ కొంచెం కరుగుతుంది. కానీ నీళ్లలో ఉన్న ఫాస్ఫేట్ సాయంతో, కరెంటు ఉన్నంతసేపు, మళ్లీ ఎలక్ట్రోడ్ మీదకే చేరి పొరలా పేరుకుంటుంది. క్రాష్ అయిన సర్వీస్‌ని ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ చేసే స్క్రిప్ట్ లాంటిదే. అయితే ఇది పనిచేసేది దాదాపు న్యూట్రల్ నీళ్లలో. ఫ్యాక్టరీల్లో వాడే గాఢమైన క్షారానికో, పీఈఎం లోపలి యాసిడ్‌కో దీన్ని యథాతథంగా దింపలేం.

ఇరిడియం లెక్క

ఇప్పుడు డబ్బు విషయానికి వద్దాం. పీఈఎం ఎలక్ట్రోలైజర్‌లో ఆక్సిజన్ వైపు యాసిడ్‌నీ వోల్టేజ్‌నీ తట్టుకుని నిలబడగలిగేది ఆచరణలో ఇరిడియం ఆక్సైడే. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి తవ్వి తీసేది ఏడెనిమిది టన్నులు. అందులో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికాలో ప్లాటినం గనుల నుంచి ఉప ఉత్పత్తిగా వస్తుంది. అంటే ఇరిడియం కావాలని ఎవరూ గని తవ్వరు. డిమాండ్ పెరిగినా సప్లై పెరగదు. పోటీకి మన ఫోన్లు కూడా ఉన్నాయి: అమోలెడ్ డిస్‌ప్లేలో ఎరుపు, ఆకుపచ్చ వెలుగు ఇచ్చేవి సాధారణంగా ఇరిడియం కాంపౌండ్లే. పరిమాణం చాలా తక్కువే అనుకోండి.

ఇంత అరుదైన మెటల్ ఎంత నెమ్మదిగా కరుగుతుందో కొలవాలి కదా. ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు టీబీడబ్ల్యూ అని చూస్తాం, అంటే డ్రైవ్ చచ్చేలోపు ఎన్ని టెరాబైట్లు రాయొచ్చు అని. క్యాటలిస్ట్‌లకు అలాంటి నంబర్‌నే 2018లో సెర్హీ చెరెవ్‌కో, కార్ల్ మేర్‌హోఫర్ ఉన్న జర్మనీ టీమ్ ప్రతిపాదించింది. పేరు స్టెబిలిటీ నంబర్. ఒక్క ఇరిడియం అణువు కరిగిపోయేలోపు ఎన్ని ఆక్సిజన్ అణువులు తయారయ్యాయి అన్నదే ఆ నంబర్.

దీంతో మనమే ఒక లెక్క వేద్దాం. వేలి గోరంత చోటు, అంటే 1 చదరపు సెంటీమీటర్. 1 ఆంపియర్ కరెంటు. ఏడాది పాటు ఆపకుండా. ఆ చోటు నుంచే 330 గ్రాముల హైడ్రోజన్, 82 మోల్స్ ఆక్సిజన్ వస్తాయి. స్టెబిలిటీ నంబర్ 10 లక్షలు అనుకుందాం. వినడానికి భారీ స్కోర్! కానీ లెక్క చేస్తే ఏడాదిలో సుమారు 16 మిల్లీగ్రాముల ఇరిడియం కరిగిపోవాలి. ఆ చోట మొదట పెట్టేదే ఒకటి రెండు మిల్లీగ్రాములు. అంటే నెలన్నరకే ఖాళీ. రెండు మిల్లీగ్రాములు పెట్టి పదేళ్లలో పది శాతమే పోవాలంటే ఆ నంబర్ దాదాపు 80 కోట్లు ఉండాలి. ఊరట ఏంటంటే, ల్యాబ్‌లో యాసిడ్ బీకర్‌లో కరిగినంత వేగంగా అసలు సెల్ లోపల కరగదని అదే రంగంలో వాళ్లు తర్వాత చూపించారు. దాని అర్థం బీకర్ టెస్ట్ చూసి ఏ క్యాటలిస్ట్‌నీ తీసిపారేయకూడదు, నెత్తిన కూడా పెట్టుకోకూడదు.

ఇంకో తేడా కూడా చూడండి. చాలా పేపర్లలో టెస్ట్ చేసేది చదరపు సెంటీమీటర్‌కి 10 మిల్లీఆంపియర్ల దగ్గర. ఫ్యాక్టరీ పీఈఎం యంత్రం నడిచేది 1 నుంచి 2 ఆంపియర్ల దగ్గర, అంటే 100 నుంచి 200 రెట్లు. పేపర్‌లో ‘100 గంటలు స్టేబుల్’ అని ఉంటే అది నాలుగు రోజులు. కొనేవాడికి కావాల్సింది 60,000 గంటలు, దాదాపు ఏడేళ్లు. బ్రైట్‌నెస్ కనిష్ఠానికి తగ్గించి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ‘బ్యాటరీ వారం వచ్చింది’ అని చెప్పే రివ్యూని మీరు నమ్ముతారా?

ఎండ వచ్చి పోతుంటే

చివరిగా, చాలామంది పట్టించుకోని పాయింట్. గ్రీన్ హైడ్రోజన్ అంటే సోలార్, విండ్ కరెంటుతో చేసేది. మబ్బు వస్తే కరెంటు తగ్గుతుంది, రాత్రి ఆగిపోతుంది. నిలకడగా ఒకే వోల్టేజ్ దగ్గర నడిచే క్యాటలిస్ట్ కంటే, రోజూ ఆగి మళ్లీ మొదలయ్యే క్యాటలిస్ట్ త్వరగా పాడవుతుంది. ప్రతిసారీ మెటల్ ఉపరితలం ఆక్సైడ్‌గా మారి, మళ్లీ మెటల్ అవుతూ, ఆ మార్పులోనే కొన్ని అణువులు ఊడిపోతాయి. క్షారంతో నడిచే నికెల్ ఎలక్ట్రోలైజర్లలో స్విచ్ ఆపిన వెంటనే కాసేపు కరెంటు ఉల్టా దిశలో కూడా పారుతుంది. హైడ్రోజన్ తీయడానికి పెట్టిన నికెల్ అప్పుడు ఆక్సిడైజ్ అవుతుంది.

మనకు ఇది దూరపు సంగతి కాదు. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్ల రూపాయలతో నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కి ఆమోదం తెలిపింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు టార్గెట్. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన జరిగింది. ఇలాంటి చోట్ల బిగించే యంత్రాలు రోజూ పొద్దున లేచి సాయంత్రం పడుకునేవి కావొచ్చు. ఏడాదికి 365 ఆన్-ఆఫ్‌లు, పదేళ్లకు 3,650. మధ్యలో మబ్బులు చేసేవి వేరే. స్పెక్ షీట్‌లో ఎఫిషియెన్సీ పక్కన, ఇన్ని ఆన్-ఆఫ్‌ల తర్వాత వోల్టేజ్ ఎంత పెరిగిందన్న కాలమ్ కూడా ఉందో లేదో చూడండి. ఆ కాలమ్ ఖాళీగా ఉంటే, కంపెనీ మీకు అన్‌బాక్సింగ్ వీడియో మాత్రమే చూపించినట్టు.